విరాళంగా అందిన హైమవతి

పెళ్ళయిన నాటి నుంచీ హైమవతికి పనికి ఎన్నడూ లోటు రాలేదు. లేనిదల్లా ఉద్యోగమే. చరిత్రలో ఎం.ఏ. చేసింది, ఆపైన గ్రంథాలయ శాస్త్రంలో డిగ్రీ తీసుకుంది. ఆ రెండింటినీ ఇన్నాళ్ళూ పప్పుల డబ్బాలకు చీటీలు అంటించడానికీ, కరెంటు బిల్లులు తేదీలవారీగా తీగకు గుచ్చడానికీ వాడుతూ వచ్చింది. ఆ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుందో కనుక్కోవడానికి మిగతావాళ్ళకు ఒకే ఒక పద్ధతి తెలుసు. "హైమా!" అని కేక వెయ్యడం.

ఇలా ఉండగా బందరులోని ఆడపిల్లల కాలేజీకి ఒక పాత ఓడవర్తకుల కుటుంబం తమ తాతల నాటి దస్త్రాలన్నీ బహూకరించింది. చరిత్ర మీద గౌరవంతో ఇచ్చారని పేపర్లో పడింది. ఎలకల బాధ పడలేక ఇచ్చారని వీధిలో అనుకున్నారు. ఏమైతేనేం, వాటికోసం కాలేజీలో ఒక గది కేటాయించి, 'ప్రత్యేక సంచయం' అని బోర్డు రాయించి, దాన్ని చూసుకోవడానికి మనిషి కావాలన్నారు. హైమవతి మంచి చీర ఒకటి కట్టుకుని వెళ్ళింది.

ప్రిన్సిపాల్ ఎస్తేరు రాణిగారు సర్టిఫికెట్లు తిరగేసి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"అన్నీ బాగున్నాయమ్మా. నువ్వు మాట్లాడే తీరు కూడా నచ్చింది నాకు. అనుభవం మాటేమిటి?"

"ఇంట్లో పదహారేళ్ళ కాగితాలు నేనే సర్దుతున్నానండీ."

"నాకు తెలుసులేవమ్మా, నేనూ సర్దుతున్నాను. మా కమిటీవాళ్ళకి అది ఆనదు. గుర్తింపు ఉన్న భాండాగారంలో ఆరునెలలు పనిచేసినట్టు కాగితం పట్రా. జీతం లేకుండా చేసినా పర్లేదు. వచ్చే ఏడాది వేసవి సెలవులు అయ్యేదాకా ఈ పోస్టు ఆపుతాను. ఆ తర్వాత నా చేతుల్లో ఉండదు. కార్యదర్శిగారి మేనకోడలొకమ్మాయి ఉంది. ఆ పిల్లకి పాతకాగితాలంటే తుమ్ములొస్తాయిట, అయినా సర్దుకుంటానంటోంది."

హైమవతి ఆ మధ్యాహ్నమే ఊరిచివరనున్న ప్రాచీన లిఖిత సంపద భాండాగారానికి వెళ్ళింది. కర్పూరం వాసనా, చెమ్మ వాసనా సమంగా కలిసిన పాత బంగళా అది. సూపరింటెండెంటు సచ్చిదానందంగారు ఆమె వచ్చిన పని విని లేచి నిలబడ్డారు. ఆయన ఎవరికోసమైనా లేచి నిలబడటం అటెండర్లు అంతకుముందు చూసి ఎరగరు.

కారణం ఉంది. ప్రజలను వారసత్వ పరిరక్షణలో భాగస్వాములను చేయవలెనని, ఎందరిని చేసినదీ ప్రతినెలా తెలియపరచవలెనని పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చి ఉంది. ప్రతినెలా 'సున్న' అని తెలియపరుస్తున్నారు. పోయిన నెల పైవాళ్ళు ఆ సున్న చుట్టూ ఎర్రసిరాతో ఇంకో సున్న చుట్టి పంపించారు.

"రండమ్మా, కూర్చోండి. స్వచ్ఛంద సేవకి మీరుగా వచ్చారంటే..." అని ఆయన గొంతు సవరించుకున్నారు. "ఈ సంస్థ చరిత్రలో ఇదొక సువర్ణాధ్యాయం. రేపటినుంచే చేరండి. ఒక్క చిన్న విషయం. మిమ్మల్ని ఏ పుస్తకంలో రాయాలి?"

"హాజరు పట్టీలో రాయండి సార్."

ఆయన చప్పున కూర్చున్నారు. "అమ్మమ్మ! హాజరు పట్టీలో సంతకం పెట్టినవాళ్ళంతా సిబ్బంది. పూర్వం ఒక తోటమాలి పొరపాటున వారంరోజులు అందులో సంతకం పెట్టాడు. కోర్టుకెళ్ళి పర్మనెంటయ్యాడు. నాకంటే ముందు ప్రమోషను కూడా కొట్టాడు."

"పోనీ సందర్శకుల పుస్తకంలో?"

"సందర్శకులు దేన్నీ ముట్టుకోరాదు. మీరు ముట్టుకోవాలి కదా."

"అసలు రాయకపోతే ఏమవుతుంది?"

"రాయకుండా లోపల తిరిగేవాణ్ణి దొంగ అంటారమ్మా."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి గుమ్మంకేసి చూశారు. ఉన్నట్టుండి ఆయన మొహం వెలిగింది. "డబ్బు తీసుకోకుండా, మనం అడక్కుండా, తనంతట తాను ఈ గుమ్మం లోపలికి వచ్చేది ఏమిటి? విరాళం! విరాళాలు రాసేది ఎక్కడ? స్టాకు రిజిస్టరులో!"

డైరెక్టరు త్రిలోచనరావుగారికి ఈ ఆలోచన అద్భుతంగా కనిపించింది. "నిబంధనను ఉల్లంఘించకుండా అభ్యుదయాన్ని సాధించడమంటే ఇదీ సచ్చిదానందం!" అన్నారు. ఆయన డాక్టరేటు చేసింది నిబంధనల మీదేనని ఆఫీసులో వాడుక.

స్టాకు రిజిస్టరు తెచ్చారు. సచ్చిదానందంగారు చొక్కా చేతులు మడిచి ఒక్కొక్క గడీ పూర్తి చేశారు.

"వస్తువు వివరం: స్త్రీ, ఒకటి. భాష: తెలుగు. కాలం... మీరు పుట్టిన సంవత్సరమమ్మా?"

"అది అవసరమా సార్?"

"అవసరమే గాని, చెప్పకపోయినా ఇబ్బంది లేదు. మా తాటాకుల్లో సగం చెప్పవు." 'సుమారు ఇరవయ్యో శతాబ్ది చివరి భాగం' అని రాశారు. "దాత పేరు?"

"నాకు నేనే వచ్చాను కదండీ."

"వస్తువు తనను తాను విరాళమిచ్చుకోరాదమ్మా. మీవారి పేరు చెప్పండి."

ఆపైన ఆయన ఆమెను తలనుంచి కాళ్ళదాకా ఒకసారి చూసి, 'స్థితి: మంచిది. అంచులు కొద్దిగా నలిగినవి' అని రాశారు. హైమవతి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. మూడోగది, అయిదో బీరువా, కింది అర అని చోటు చూపించి, 4417 అని అంకె వేసిన అట్టముక్క ఒకటి దారానికి కట్టి ఇచ్చారు. ఏ పుస్తకంలో రాస్తేనేం, అనుభవం అనుభవమే కదా అనుకుని ఆమె దాన్ని మెళ్ళో వేసుకుంది.

దానపత్రం మీద ఆ రాత్రి భోజనాల దగ్గర భర్త మురహరి సంతకం పెట్టాడు. కరెంటాఫీసులో పనిచేసే మనిషి, చదవకుండా సంతకం పెట్టడంలో చెయ్యి తిరిగినవాడు.

మొదటిరోజు హైమవతి హాయిగా పనిచేసింది. మెత్తటి కుంచెతో కట్టల మీద దుమ్ము దులిపింది, మడతపడ్డ మూలలు విప్పింది, తాటాకులకి నిమ్మగడ్డి నూనె రాసింది, చిరిగిన మూటలు విప్పి కొత్త ఎర్రగుడ్డలో కట్టింది. రెండొందల ఏళ్ళ కిందటి, ఉప్పు పండించే కొటారు లెక్కల పక్కన ఎవరో గుమాస్తా పిల్లిబొమ్మ గీసుకున్నాడు. ఆ పిల్లికి కోపం వచ్చినట్టుంది. తోక ఉబ్బి ఉంది. ఆ పిల్లిని చూసి హైమవతి చాలాసేపు తనలో తను నవ్వుకుంది. ఈ పని తనకు రావడం కాదు, తనకోసమే ఉందని ఆమెకు అప్పుడు తెలిసింది.

సాయంత్రం గేటు దగ్గర కాపలా వీరభద్రం అడ్డంగా నిలబడ్డాడు.

"మీరు బయటికెళ్ళడానికి లేదండమ్మా."

"అదేమిటి వీరభద్రం? ఇంటికి వెళ్ళద్దూ?"

"లోపలికొచ్చిన సామాను బయటికెళ్ళాలంటే పాసుండాలండి. అట్టముక్క కనపడతానే ఉంది గదండీ మెళ్ళో."

గేటు అవతల మురహరి స్కూటరు మీద కూర్చుని హారను కొడుతున్నాడు. సచ్చిదానందంగారు పరుగున వచ్చి, విషయం విని, వీరభద్రం భుజం తట్టారు. "శభాష్, ఇలా ఉండాలి గేటంటే!" అని, అప్పటికప్పుడు నిబంధనావళి తిరగేసి దారి కనిపెట్టారు. వస్తువును దాతకు తాత్కాలికంగా ఎరువివ్వవచ్చు. ఉదయం తిరిగి అప్పజెప్పాలి.

అది మొదలు ప్రతి సాయంత్రం మురహరి గేటు దగ్గర, 'పై వస్తువును మంచి స్థితిలో అందుకున్నాను' అని రాసి సంతకం పెట్టేవాడు. ప్రతి ఉదయం సచ్చిదానందంగారు ఆమెను పరీక్షించి లోపలికి తీసుకునేవారు. ఒక సోమవారం ఆయన కళ్ళజోడు పైకి జరిపి, "నిన్నటికంటే కొంచెం వాడినట్టుందే" అన్నారు.

"నిన్న ఇంటికి చుట్టాలొచ్చారండీ."

'చుట్టాల వలన స్వల్ప అరుగుదల' అని ఆయన రాసుకున్నారు.

మురహరి జేబులో దొరికిన రసీదు నకలు చదివి అత్తగారు వర్ధనమ్మ ముక్కున వేలేసుకుంది. "మంచి స్థితిలో అందుకున్నానూ... ఇదేదో పెళ్ళిలోనే మీ నాన్న మా చేత రాయించుకుంటే పోయేదే అమ్మాయ్."

"అప్పుడు మీరు తిరిగి అప్పజెప్పాల్సి వచ్చేదండీ అత్తయ్యా."

"ఆ మాటా నిజమే" అని వర్ధనమ్మ ఒప్పుకుంది.

చిక్కంతా వానాకాలం రాగానే మొదలైంది. చెమ్మకు దస్త్రాలు పాడవుతున్నాయని పైనుంచి సంరక్షణ సూచనలు వచ్చాయి. విరాళంగా వచ్చిన వస్తువులను ఎండ తగలని చోట, చల్లని గదిలో ఉంచవలెను. బంగళా మొత్తంలో ఏసీ ఉన్నది డైరెక్టరు గదిలోనే. నిబంధనల డాక్టరేటు కావడం చేత ఆయన నోరెత్తకుండా గది ఖాళీ చేసి వరండాలో బల్ల వేసుకున్నారు. అయిదో బీరువాతో సహా హైమవతిని అందులోకి మార్చారు. గుమ్మం మీద పాత అంకె చెరిపి 'మూడోగది' అని రాయించారు.

తినుబండారాలను వస్తువుల సమీపమునకు తేరాదు. ఆమె అన్నం డబ్బాను వీరభద్రం గేటు దగ్గరే పట్టుకున్నాడు. "నేను తినాలి కదయ్యా" అంటే, "మీరు తినొచ్చండి. మీ దగ్గర ఎవరూ తినగూడదండి" అన్నాడు. భోజనానికి మళ్ళీ ఒక పాసు, మళ్ళీ ఒక ఎరువు.

ఏడాదికొకసారి వస్తువులన్నిటినీ పెట్టెలో పెట్టి పురుగుల మందు పొగ వెయ్యవలెను. ఆ పెట్టె తలుపు తెరిచి సచ్చిదానందంగారు మర్యాదగా పక్కకి నిలబడ్డారు. హైమవతి పెట్టె లోపలికి తొంగిచూసి, "సార్, వృక్షసంబంధమైన రంగులున్న వస్తువులకి పొగ వెయ్యకూడదని మీ పుస్తకంలోనే ఉంది కదా. నా మొహాన పసుపుంది, కాళ్ళకి పారాణి ఉంది" అంది. ఆయన పుస్తకం చూశారు. ఉంది. మినహాయింపు రాసి పెట్టె మూశారు.

వీటన్నిటికీ హైమవతి నవ్వుకుంది. తర్వాత వచ్చిన సూచనకి మాత్రం నవ్వలేకపోయింది.

"ఈ రోజునుంచి మీరు కట్టలు ముట్టుకోకూడదమ్మా" అన్నారు సచ్చిదానందంగారు.

"అదేమిటి సార్! మరి నేనొచ్చింది దేనికి?"

"వస్తువుకి వస్తువు తగలరాదు. ఒకదాని పురుగు ఇంకోదానికి పడుతుంది. మీరు మీ అరలో కూర్చోండి చాలు. మీ సేవ మాకు అందుతూనే ఉంటుంది."

హైమవతి చీర పైకి దోపి అయిదో బీరువా కింది అరలో కూర్చుంది. ఏసీ చల్లగా ఉంది. వేడిగా ఉన్నది ఆమె బుర్ర ఒక్కటే. పని లేకుండా అరలో కూర్చుంటే అనుభవం ఎక్కణ్ణించి వస్తుంది? అలాగని మానేసి వెళ్ళిపోతే ఇన్నాళ్ళదీ వృథా. అటు కాలేజీలో తుమ్ముల మేనకోడలు కాచుకుని ఉంది.

ఆ వారంలో రెహానా అనే పరిశోధకురాలు వచ్చింది. ఉప్పుకొటారుల మీద థీసిస్ రాస్తూ, ఒకే ఒక కట్ట కోసం ఎన్నిసార్లు చీటీ రాసినా 'వెతుకబడుచున్నది' అని జవాబు అందుకుంటూ విసిగిపోయిన పిల్ల. వరండాలో అటెండరు దగ్గర హైమవతి సంగతి విని, కసికొద్దీ చీటీ మీద '4417' అని రాసి ఇచ్చేసింది.

అడిగిన వస్తువు అడిగినచోట దొరకడం ఆ భాండాగారంలో పెద్ద సంఘటన. ఇద్దరు అటెండర్లు హైమవతిని చెరోవైపూ నడిపించుకొచ్చి చదువరుల గదిలో బల్ల ముందు కూర్చోబెట్టారు. "పెన్ను వాడకూడదు, పెన్సిలే. ఫోటోలు తియ్యకూడదు. మీద ఆనుకోకూడదు" అని రెహానాకి చెప్పి వెళ్ళారు.

"సారీ ఆంటీ, కోపంలో రాసేశాను" అంది రెహానా.

"మంచిపని చేశావమ్మా, కాళ్ళు పట్టేశాయి ఆ అరలో. నీకు కావల్సింది గోపాళం పేటలోని ఉప్పుకొటారు కట్టేనా? పిల్లిబొమ్మ ఉంటుంది?"

"పిల్లిబొమ్మ నాకేం తెలుసాంటీ, కట్ట చూస్తేగా!"

"సూపరింటెండెంటుగారి బల్లకి ఒక కాలు పొట్టి. నేను దులిపి కట్టిన ఆ కట్టని దాని కింద పెట్టారు, చూడు."

రెహానా వెళ్ళి చూసింది. ఆ సాయంత్రం సచ్చిదానందంగారి బల్ల ఒకవైపుకి ఒరిగిపోయింది, రెహానా థీసిస్ నిలబడింది.

మాట విశ్వవిద్యాలయం దాకా పాకింది. ఎవరొచ్చినా మొదట 4417 అడగడమే. ఏ దస్త్రం ఎక్కడుందో 4417 చెబుతుంది, పాత తెలుగులో అర్థంకాని మాట ఉంటే విడగొట్టి చెబుతుంది, అది వేరే పుస్తకాల మాదిరిగా పొడిపొడిగా రాలిపోదు. చీటీలు గుట్టలు పడ్డాయి. నెలవారీ లెక్కలో ఒక వస్తువుకి అంత గిరాకీ ఉండటం చూసి త్రిలోచనరావుగారు వరండాలో ఉక్కపోతలోనే ఉప్పొంగిపోయారు. స్కేలు పక్కన పెట్టించి హైమవతికి ముందువైపు ఒకటి, వెనకవైపు ఒకటి ఫోటోలు తీయించారు. ఆమెను 'ప్రత్యేక సంచయం'గా ప్రకటిస్తూ ఒక చిన్న సభ జరిపి, ఆమెకు కాక ఆమె బీరువాకు దండ వేశారు.

వేసవి వచ్చేసింది. కాలేజీనుంచి ఇంటర్వ్యూకి రమ్మని కబురొచ్చింది. హైమవతి డైరెక్టరుగారి వరండా బల్ల ముందు నిలబడి, అనుభవం సర్టిఫికెట్టు ఇప్పించమంది.

ఆయన చాలా బాధపడ్డారు. "అమ్మా, మీకు ఇవ్వకూడదని కాదు. స్వచ్ఛంద సేవకురాలు అనే మనిషి మా పుస్తకాల్లో ఎక్కడా లేదు. 4417 ఉంది. దానికి కావలిస్తే నిఖార్సైనది, నకిలీ కాదు అని రాసిస్తాను."

"నకిలీ కాదని తెలిసినంత మాత్రాన కాలేజీవాళ్ళు ఉద్యోగం ఇవ్వరండీ. పోనీ నన్ను పుస్తకంలోంచి కొట్టెయ్యండి."

"దానికి తొలగింపు సంఘం కూర్చోవాలి. అందులో ముగ్గురు సభ్యులు. ఇద్దరు కీర్తిశేషులు. మూడోవారికి కోరం లేదు. పైగా ప్రత్యేక సంచయం అయ్యాక తొలగించడమే కాదు, ఇలా రోజూ ఎరువివ్వడం కూడా తప్పని నిన్ననే చదివాను. వచ్చే నెలనుంచి రాత్రిళ్ళు కూడా..."

హైమవతి ఇంటికెళ్ళి దానపత్రం నకలు తీయించింది. 'శాశ్వతముగా, తిరిగి కోరని విధముగా' అని ఉంది.

"చదవకుండా ఎలా పెట్టారండీ సంతకం!"

"పెళ్ళప్పుడు కూడా చదవలేదే హైమా" అన్నాడు మురహరి దీనంగా. "అప్పుడేం కాలేదుగా."

"ఏం కాలేదని నువ్వనుకుంటున్నావు" అంది లోపలినుంచి వర్ధనమ్మ. ఆవిడ అప్పటికే కోడలివైపు చేరిపోయింది. రాత్రిళ్ళు కూడా అక్కడే అన్నమాట విన్నాక, పొద్దున్న కాఫీ ఎవరు పెడతారన్న ప్రశ్న ఆవిడకి తట్టింది.

ఇంటర్వ్యూకి ముందురోజు భాండాగారానికి స్టాకు తనిఖీ వచ్చింది. ప్రధాన కార్యాలయంనుంచి వచ్చిన తనిఖీ అధికారి బక్కపలచని మనిషి, చేతిలో టార్చిలైటు. ఆయన పద్ధతి ఒకటే. రిజిస్టరులో అంకె చదువుతారు. రాసిన చోటికి వెళతారు. ఉంటే టిక్కు, లేకపోతే సున్న. మాటల్లేవు. సచ్చిదానందంగారు ఆయన మనసు కరిగించడానికి బందరు హల్వా తేవడానికని తనే స్వయంగా బజారుకి వెళ్ళారు.

అధికారి సున్నలు చుట్టుకుంటూ వచ్చి వచ్చి మూడోగదిలో అయిదో బీరువా ముందు ఆగారు. కింది అరలో హైమవతి కూర్చుని ఉంది.

"మీరు స్టాఫా అమ్మా?"

"కాదండీ."

"విజిటరా?"

"కాదండీ. స్వచ్ఛందంగా వచ్చానండీ."

"ఓహో, వాలంటీరు! వెరీ గుడ్." ఆయన ఆమె మెళ్ళోని అట్టముక్కకేసి మెచ్చుకోలుగా చూశారు. వాలంటీర్లకి గుర్తింపు కార్డులుండాలని ఆయన అన్నిచోట్లా చెబుతుంటారు. "కాస్త పక్కకి జరుగుతారా? ఇక్కడొక వస్తువు ఉండాలి."

హైమవతి అబద్ధమాడే మనిషి కాదు. అడిగినంతవరకే చేసే మనిషి. లేచి, చీర దులుపుకుని, పక్కకి జరిగింది.

అధికారి వంగి టార్చి వేసి చూశారు. అర ఖాళీగా ఉంది. చెయ్యి పెట్టి తడిమారు. కాస్త వెచ్చగా ఉంది తప్ప ఏమీ లేదు.

"మీరు పొద్దుటినుంచీ ఇక్కడే ఉన్నారా?"

"కదల్లేదండీ."

"ఇక్కడనుంచి ఎవరైనా ఏమైనా పట్టుకెళ్ళారా?"

"ఎవరూ ఏమీ పట్టుకెళ్ళలేదండీ."

"అంటే అంతకుముందే పోయిందన్నమాట!" ఆయన 4417కి ఎదురుగా సున్న చుట్టి, రిజిస్టరులో ఆ వరస చివరి గడి మాత్రం చదివారు. ఆయన మొహం పాలిపోయింది. "ప్రత్యేక సంచయం! ఈ ఏడాది అందరికంటే ఎక్కువగా అడిగిన వస్తువు! డైరెక్టరుగారూ!"

త్రిలోచనరావుగారు వచ్చారు, ఆయన వెనకాలే హల్వా పొట్లంతో సచ్చిదానందంగారూ వచ్చారు. సంగతి విని సచ్చిదానందంగారు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని హైమవతిని చూపించారు. "అదిగో సార్, ఎక్కడికి పోయింది! ఎదురుగానే ఉందిగా."

అధికారి ఆయన్ని ఎగాదిగా చూశారు. "సూపరింటెండెంటుగారూ, వస్తువు పోగొట్టినవాళ్ళని చాలామందిని చూశాను. ఎలకలు తిన్నాయన్నారు, వరదలో కొట్టుకుపోయిందన్నారు. దాని బదులు మనిషిని నిలబెట్టి చూపించినవాళ్ళని మాత్రం నా సర్వీసులో చూడలేదు."

"నాకు మొదటినుంచీ ఎందుకో అనుమానంగానే ఉంది సార్" అన్నారు త్రిలోచనరావుగారు, ఒక అడుగు వెనక్కి వేస్తూ.

"హైమవతిగారూ! చెప్పండమ్మా, 4417 మీరేనని!" సచ్చిదానందంగారు హల్వా పొట్లం ఆమెకేసి చాపారు. రిటైరవడానికి దగ్గరలో ఉన్న మనిషి.

"నేను చెబితే చెల్లుతుందా సార్? వస్తువు తనను తాను ఇచ్చుకోకూడదన్నారు కదా మీరు, ఇక సాక్ష్యం ఎలా ఇస్తుంది" అంది హైమవతి. అని, ఆయన కళ్ళలో నీళ్ళు తిరగడం చూసి ఆగిపోయింది. పాపం, ఈ ఏడాది పొడుగునా తనకి ఒక్క కటువైన మాట అనలేదాయన. పొగపెట్టె తలుపు కూడా మర్యాదగానే తెరిచారు.

ఆమె అధికారి వైపు తిరిగింది. "సార్, ఆ వస్తువు అసలు ఎన్నడూ లేదనుకోండి. పొరపాటున పుస్తకంలో ఎక్కిందనుకోండి. అప్పుడు?"

"లేనిది పోయే ప్రశ్నే లేదు. దిద్దుబాటు రాసి కొట్టేస్తాం. కాని ఇన్ని చీటీలు ఎవరికోసం వచ్చాయో రుజువు కావాలి. చదువరులు ఎవరితో మాట్లాడారు?"

"వాలంటీరుతోనండీ. ఫలానా మనిషి ఇక్కడ ఇన్నాళ్ళు పనిచేసింది అని వీరిద్దరూ ఇప్పుడే సర్టిఫికెట్టు రాసిచ్చారనుకోండి, రుజువు అదే అవుతుంది కదా?"

త్రిలోచనరావుగారు వెనక్కి వేసిన అడుగు ముందుకి వేసి, "సచ్చిదానందం, కాగితం!" అని కేక పెట్టారు. సీలు, స్టాంపు, సంతకం అంత చురుగ్గా ఆ బంగళాలో ఎప్పుడూ ఒకచోట చేరలేదు. రెండు ప్రతులు తయారయ్యాయి, ఒకటి అధికారికి, ఒకటి హైమవతికి. స్టాకు రిజిస్టరులో 4417 మీదుగా ఎర్రగీత పడింది. ఆ సాయంత్రం హైమవతి గేటు దాటుతుంటే వీరభద్రం పాసు అడగలేదు. సెల్యూట్ చేశాడు.

మర్నాడు ఇంటర్వ్యూలో కమిటీవాళ్ళు ముగ్గురు, పక్కన కార్యదర్శిగారి మేనకోడలు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని. ఎస్తేరు రాణిగారు హైమవతి ఇచ్చిన కాగితం అందుకుని పైకి చదివారు. తొందరలో రాసినా సచ్చిదానందంగారు తనకి వచ్చిన ధోరణిలోనే రాశారు.

"శ్రీమతి హైమవతి ఆరునెలలకు పైబడి స్వచ్ఛందముగా మా భాండాగారమునందు ఉండిరి. స్థితి మంచిది. చెద, పురుగు లేవు. చెమ్మకు తట్టుకొనును. చదువరుల వినియోగము మిక్కిలి ఎక్కువ. ఎరువిచ్చినపుడెల్ల క్షేమముగా తిరిగి వచ్చుచుండెను."

కమిటీవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. ప్రిన్సిపాల్‌గారు కాగితాన్ని వెనక్కి తిప్పి సీలు నిజమేనని నిర్ధారణ చేసుకున్నారు.

"ఎన్నో ఏళ్ళనుంచి కాండక్ట్ సర్టిఫికెట్లు చదువుతున్నాను. మంచివారు, కష్టపడతారు అనే రాస్తారంతా. పురుగు లేదని హామీ ఇచ్చినవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా" అని, కమిటీ వైపు చూశారు. "ఇంతకంటే ఏం కావాలండీ మనకి?"

కమిటీలో పెద్దాయన, "ఎలకల సంగతి రాయలేదే?" అన్నాడు.

"ఎలకలు నా దగ్గరికి రావండీ" అంది హైమవతి. అప్పుడే మేనకోడలు గట్టిగా తుమ్మింది. దాంతో ఆ విషయం కూడా తేలిపోయింది.

"అయితే ఎప్పుడు చేరతావమ్మా?" అన్నారు ప్రిన్సిపాల్‌గారు.

"ఇప్పుడే చేరతానండీ. ముందొకసారి నన్ను ఏ పుస్తకంలో రాస్తారో చూపిస్తారా?"

ఆవిడ వింతగా చూసి, హాజరు పట్టీ తెప్పించి ముందు పెట్టారు. హైమవతి కళ్ళజోడు పెట్టుకుని అట్ట మీది అక్షరాలనుంచి మొదలుపెట్టి, పై వరసలో ఉన్న గడులన్నీ వేలు పెట్టి ఒక్కొక్కటే చదివింది. స్థితి లేదు, కాలం లేదు, దాత లేడు. మొదటి గడిలో 'పేరు' అని ఉంది, చివరి గడిలో 'సంతకం' అని ఉంది. కమిటీవాళ్ళు గడియారాలు చూసుకుంటుంటే మరోసారి మొదటినుంచీ చదివి, అప్పుడు పెన్ను మూత తీసింది.